కృతజ్ఞత : మరుగున పడుతున్న విశ్వాస గుణం

ఈనాటి పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదు, చేసిన మేలు ఎవరికీ గుర్తుండటం లేదు, మర్యాద అన్నది మాయమైపోయింది – ఈ ఫిర్యాదు కొత్తది కాదు. మన తాతలు మన తండ్రుల గురించి ఇదే అన్నారు. కనుక ఈ విషయం మీద కలం పట్టేవాడు మొదట తనను తానే అనుమానించుకోవాలి. వయస్సు మళ్ళిన ప్రతివానికీ తన చిన్ననాటి కాలం బంగారంలా కనిపించటం సహజం. అయితే ఫిర్యాదు పాతదైనంత మాత్రాన రోగం లేదని అర్థం కాదు.

2007లో భారత పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం ఒక చట్టం చేసింది. కన్నవారికి తిండి పెట్టని కొడుకులను, కూతుళ్ళను ట్రిబ్యునలు ముందుకు పిలిపించి, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించే చట్టం అది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చిన తండ్రి, పిల్లలు మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చునని అందులోని 23వ సెక్షను చెబుతుంది. ముసలివారిని ఎక్కడో వదిలివేసి పోయినవారికి మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ వుంటాయని 24వ సెక్షను చెబుతుంది. తల్లికి అన్నం పెట్టమని చెప్పటానికి ఒక దేశం సెక్షన్లకు నంబర్లు వేసుకోవలసి వచ్చింది! ఆ ట్రిబ్యునలు మెట్లెక్కే వృద్ధులలో మనవారెవరూ లేరని చెప్పుకోగల స్థితిలో మనమూ లేము.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ‘థాంక్స్’ అనే మాట తెలుగునాట ఈనాడు వినిపించినంతగా మునుపెన్నడూ వినిపించలేదు. దుకాణం రసీదు అడుగున అది అచ్చయి వుంటుంది. బ్యాంకువారి టెలిఫోనులో యంత్రం దాన్ని చెబుతుంది. పాత పల్లెలో ఈ పనికంటూ ప్రత్యేకంగా ఒక మాటే వుండేది కాదు. మేలు పొందినవాడు ‘నీ కడుపు చల్లగా’ అనేవాడు. ‘మీ రుణం తీర్చుకోలేను’ అనేవాడు. లేదా ఏమీ అనకుండా, మరుసటి వారం తన పాదుకు కాసిన సొరకాయ తెచ్చి అరుగు మీద పెట్టి పోయేవాడు. (‘వందన సమర్పణ’ సభల్లో చిట్టచివరి అంశంగా వచ్చి చేరింది, అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ వుంటారు.) అంటే తగ్గింది మాట కాదు. ఆ మాట వెనుక వుండవలసిన ‘నేను రుణపడి వున్నాను’ అనే ఎరుక తగ్గింది.

రెండు భాషలు చెప్పే ఒక్క సంగతి

తెలుగులో ‘విశ్వాసం’ అనే పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి నమ్మకం, దైవాన్ని నమ్మినవాడిని మనం విశ్వాసి అంటాము, అరబీలోని ‘ఈమాన్’కు అదే మాటను వాడుతున్నాము. రెండవది, చేసిన మేలు మరువని గుణం. ముద్ద పెట్టిన చేతిని కుక్క మరచిపోదు కాబట్టి, దానికి విశ్వాసం వుందంటారు. ఉప్పు తిన్న విశ్వాసం అంటారు. మేలు మరచిన వానిని విశ్వాసం లేని మనిషి అంటారు. ఈ రెండర్థాలూ ఒకే పదంలో ఎలా చేరాయని మనం సాధారణంగా ఆలోచించము.

అరబీ భాషలో సరిగ్గా ఇటువంటి జంటే వ్యతిరేక దిశలో వుంది. ‘కుఫ్ర్’ అంటే అవిశ్వాసం అని అందరికీ తెలుసు. కాని ఆ ధాతువుకు అసలు అర్థం కప్పివేయటం, మరుగుపరచటం. విత్తనాన్ని మట్టితో కప్పివేస్తాడు కాబట్టి రైతుకు కూడా అరబీలో ఆ పేరు వుంది. సూరా హదీద్ 20వ ఆయత్‌లో ఆ పదం రైతుల అర్థంలోనే వచ్చిందని ఎక్కువమంది వ్యాఖ్యాతలు వివరించారు. పొందిన మేలును కప్పిపెట్టేవాడు కృతఘ్నుడు. అందుకే దివ్యఖుర్ఆన్‌లో ‘షుక్ర్’కు, అంటే కృతజ్ఞతకు, ఎదురుగా పలుచోట్ల ‘కుఫ్ర్’ నిలబడుతుంది. సూరా ఇబ్రాహీమ్ 7వ ఆయత్‌లో కృతజ్ఞతకు అనుగ్రహాల వృద్ధిని, దానికి వ్యతిరేకమైన దానికి కఠిన శిక్షను జోడించి చెప్పారు. సూరా లుఖ్మాన్ 12వ ఆయత్‌లో లుఖ్మాన్‌కు ప్రసాదించిన వివేకం కృతజ్ఞతతోనే మొదలవుతుంది.

అవిశ్వాసం కేవలం బుద్ధికి సంబంధించిన ఒక పొరపాటు కాదనీ, అది అన్నింటికంటే ముందు మేలు మరవటమనీ దీనివల్ల అర్థమవుతుంది. తెలుగు పల్లీయుడు పండితుడు కాకపోయినా, తన భాష ద్వారా ఈ సంగతిని పట్టుకున్నాడు.

‘షుక్ర్’ అనే పదానికి కూడా నిఘంటుకారులు ఒక చక్కని ఆధారం చూపుతారు. కొద్దిపాటి మేత తిని కూడా ఒంటి మీద పుష్టి కనబడే పశువును అరబ్బులు ‘షకూర్’ అనేవారు. తిన్నది కనిపించాలి, అదే కృతజ్ఞత. ఎంత వేసినా డొక్కలు ఎగరేసే గొడ్డు మన కొట్టాల్లోనూ వుంటుంది, మన ఇళ్ళల్లోనూ వుంటుంది!

ఇమామ్ గజాలీ విశ్లేషణ

హిజ్రీ 505లో (క్రీ.శ. 1111) మరణించిన ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ను నలభై భాగాలుగా రచించారు. అందులో 32వ భాగం సహనానికి, కృతజ్ఞతకు కేటాయించారు. కృతజ్ఞతలో మూడు అంశాలున్నాయని ఆయన వివరణ: ఎరుక, మనఃస్థితి, ఆచరణ. మేలు ఎవరి నుండి వచ్చిందో తెలియటం మొదటిది. తెలిసినందువల్ల మనస్సులో కలిగే వినమ్రమైన సంతోషం రెండవది. ఆ సంతోషం చేతుల్లోకి, నాలుక మీదికి దిగి రావటం మూడవది.

దీన్ని విడమరచటానికి ఆయన ఒక ఉపమానం చెబుతారు. ఒక రాజు ప్రయాణమవుతూ ఒక మనిషికి గుర్రాన్ని ఇచ్చాడు. ఆ మనిషి మూడు విధాలుగా సంతోషించవచ్చు. మంచి గుర్రం దొరికిందని సంతోషిస్తే అది కృతజ్ఞత కానే కాదు. ఆ గుర్రం ఎడారిలో దారి తప్పి దొరికినా అంతే సంతోషించేవాడు. రాజుకు తన మీద దయ వుందని తెలిసినందుకు సంతోషిస్తే అందులో కొంత కృతజ్ఞత వుంది. ఆ గుర్రమెక్కి రాజు సేవకు వెళ్ళగలనని, ఆయన సాన్నిధ్యానికి చేరగలనని సంతోషిస్తే అది సంపూర్ణ కృతజ్ఞత. మనలో ఎక్కువమంది మొదటి మెట్టు మీదనే నిలబడి ‘అల్హమ్‌దులిల్లాహ్’ అంటున్నాము. ప్లాటు రిజిస్ట్రేషను అయిందని అంటాము, అబ్బాయికి వీసా వచ్చిందని అంటాము. అది గుర్రం దొరికిన సంతోషమే.

అదే భాగంలో గజాలీ ఒక రొట్టెముక్క మన నోటి దాకా రావటానికి ఎన్ని కావాలో వర్ణిస్తూ పోతారు: విత్తనం, నేల, నీరు, గాలి, సూర్యుడు, నాగలి చేసిన వడ్రంగి, కొడవలి చేసిన కమ్మరి, పిండి విసిరేవాడు, కాల్చేవాడు. చదువుతున్నకొద్దీ పాఠకునికి తన పళ్ళెం బరువెక్కినట్లు అనిపిస్తుంది. ఆ పద్ధతిలో మనం కూడా ఒకసారి ఆలోచించవచ్చు. నల్లగొండలోనో గుంటూరులోనో సాగర్ నీటితో పండిన బియ్యం మన పళ్ళెంలో వుందనుకోండి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. కాలువలకు 1967లో నీరు వదిలారు. అది రాతి కట్టడం. ఆ రాళ్ళు మోసినవారి పేర్లు మనకెవరికీ తెలియవు. నాట్లు వేసిన కూలీ స్త్రీల నడుములు, మిల్లులో తవుడు దుమ్ము పీల్చిన హమాలీ, పొయ్యి ముందు నిలబడిన ఇల్లాలు – ఇందరి తరువాత గాని మనం బిస్మిల్లాహ్ అని చేయి పెట్టము. ఆ వెంటనే, ఉప్పు తక్కువయిందంటాము.

దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, లేకుంటే వదిలేసేవారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. వారం రోజులు పాటించి చూసినవారికి అదెంత పెద్ద విషయమో తెలుస్తుంది.

మనుషులకు చెప్పని కృతజ్ఞత

ధార్మికులలో ఒక ప్రత్యేకమైన జబ్బు వుంది. ‘నేను అల్లాహ్‌కు కృతజ్ఞుణ్ణి, మనుషులకు కాదు, ఇచ్చేవాడు ఆయనే, మనిషి నిమిత్తమాత్రుడు’ అంటారు. వినటానికి ఇది ఏకదైవారాధనలా వుంటుంది. నిజానికిది లోభితనం. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత తెలిపినట్లు కాదని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలు తెలుపుతున్నాయి. సూరా లుఖ్మాన్ 14వ ఆయత్ మరింత ముందుకు పోయి, అల్లాహ్‌కు చెల్లించవలసిన కృతజ్ఞతను, తల్లిదండ్రులకు చెల్లించవలసిన కృతజ్ఞతను ఒకే వాక్యంలో కలిపింది. అదే ఆయత్ తల్లి పడిన బాధను, బలహీనత మీద బలహీనతగా మోసిన గర్భాన్ని, పాలిచ్చిన రెండేళ్ళను ప్రస్తావించింది. కృతజ్ఞత పుట్టేది ఇటువంటి వివరాల జ్ఞాపకం నుండే.

ఇల్లు దాటకుండా ఇంకొక మాట. స్త్రీలు భర్తల మేలు మరుస్తారన్న అర్థం వచ్చే హదీసు ఒకటి వుంది. ఇమామ్ బుఖారీ దాన్ని ‘విశ్వాస ప్రకరణం’లో చేర్చి, కుఫ్ర్‌లో అంతస్తులున్నాయని చూపించారు, అది ఎంతో లోతైన కూర్పు. కాని మన భర్తలు ఆ హదీసును ఎంత ఇష్టంగా వల్లిస్తారో, హజ్రత్ ఖదీజా (రజి) విషయంలో దైవప్రవక్త (స) నడవడిని అంతగా మరచిపోతారు. ఆమె మరణించిన ఎన్నో ఏళ్ళ తరువాత కూడా, మేకను జబహ్ చేసినపుడు ముక్కలు చేయించి ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారు. ఆమెను ఎంతగా స్మరించేవారంటే, తాను ఎన్నడూ చూడని ఆమె మీద కలిగినంత అసూయ తనకు మరెవ్వరి మీదా కలగలేదని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. మన విందుల్లో వంటింటి స్త్రీలు అందరూ తిన్న తరువాత, గిన్నెల అడుగున మిగిలింది తింటారు. వచ్చినవారు గృహస్థుని చేయి పట్టుకుని బిర్యానీని మెచ్చుకుని వెళ్తారు. ఆ మెచ్చుకోలు వంటింటిదాకా చేరటం అరుదు.

విడిపోయే దంపతులకు సైతం, తమ మధ్య నడచిన ఔదార్యాన్ని మరచిపోవద్దని సూరా బఖరా 237వ ఆయత్ ఆదేశిస్తున్నది. విడాకుల వేళ! రెండు పక్షాల పెద్దలు సామాను జాబితాలు పట్టుకుని కూర్చునే వేళ. జ్ఞాపకం పూర్తిగా చెడిపోయే సమయం అదేనని తెలిసే, అక్కడ ఆ మాట పెట్టినట్లుంది.

తల్లిదండ్రుల సంగతి మొదట ప్రస్తావించాము. ఇమామ్ బుఖారీ మర్యాదల మీద ప్రత్యేకంగా ‘అల్ అదబుల్ ముఫ్రద్’ అనే గ్రంథం కూర్చారు. అది తల్లిదండ్రుల పట్ల సద్వర్తనతోనే ప్రారంభమవుతుంది. బీదవారైన తల్లిదండ్రుల పోషణ సంతానం మీద విధి అని, వారి మతం వేరైనా ఆ విధి తొలగిపోదని హనఫీ ధర్మశాస్త్రం. హజ్రత్ అస్మా (రజి) తన తల్లి ఇంకా బహుదైవారాధకురాలిగా వుండగానే తన వద్దకు వచ్చినపుడు, ఆదరించవచ్చునా అని అడిగితే, ఆదరించమనే సమాధానం లభించింది. మన జిల్లాల నుండి కువైట్‌కో, సౌదీకో, దుబాయికో వెళ్ళిన వేలాదిమంది యువకులు నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపుతున్నారు. ఆ చెమట విలువ తక్కువ చేయటం మన ఉద్దేశం కాదు. వారిలో చాలామంది నిజంగా కృతజ్ఞులే. కాని ఇక్కడ ఊళ్ళోనే, మేడ మీద వాటాలో వుంటూ, కింది వాటాలోని తండ్రితో వారానికొకసారి కూడా మాట్లాడనివారి సంగతి వేరు. సూరా బనీ ఇస్రాయీల్ 23వ ఆయత్‌లో వృద్ధులైన తల్లిదండ్రుల ఎదుట విసుగుతో కూడిన చిన్న శబ్దాన్ని కూడా వారించారు. తిండి, బట్ట సంగతి ట్రిబ్యునలు చూస్తుంది. ఆ విసుగును ఏ ట్రిబ్యునలూ చూడలేదు.

దొరగారి విశ్వాసం

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. పాత కాలపు మర్యాదలన్నీ తిరిగి రావాలని మనం కోరుకుంటున్నామా? కోరుకోకూడదు. తెలంగాణలో దొరల గడీ ముందు నుండి పోయే పేదవాడు చెప్పులు విప్పి చేత పట్టుకోవలసి వచ్చేది. వెట్టి చేసి, ‘బాంచన్, కాల్మొక్త’ అని చేతులు జోడించేవాడు. దాన్ని కూడా ఆ రోజుల్లో విశ్వాసమనే అన్నారు. ఎదురు తిరిగినవాడిని తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడన్నారు. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో ఆ ‘మర్యాద’ కూలటం మొదలయింది, కూలవలసిందే. కృతజ్ఞత అనే పేరుతో బానిసత్వాన్ని వసూలు చేయటం అతి పాత దోపిడి.

ఇస్లామ్ ఈ ప్రమాదాన్ని రెండు వైపుల నుండి కట్టడి చేసింది. పొందినవానికి కృతజ్ఞత విధి. ఇచ్చినవానికి మాత్రం దాన్ని అడిగే హక్కు లేదు. ఇచ్చి దెప్పిపొడిచేవాని దానం వ్యర్థమని సూరా బఖరా 264వ ఆయత్. అల్లాహ్ ప్రసన్నత కోసం అన్నం పెట్టేవారు ప్రతిఫలాన్నే కాదు, కృతజ్ఞతను కూడా ఆశించరని సూరా దహ్ర్ 9వ ఆయత్. ఈ రెండు నియమాలూ కలిసి వున్నపుడే కృతజ్ఞత స్వేచ్ఛగా వుంటుంది. ఒక్కటే పట్టుకుంటే దొర తయారవుతాడు, లేదా కృతఘ్నుడు తయారవుతాడు.

సలాము చేసే పద్ధతిని చూడండి. వాహనం మీద పోయేవాడు నడిచేవానికి, నడిచేవాడు కూర్చున్నవానికి, కొద్దిమంది ఎక్కువమందికి, చిన్నవాడు పెద్దవానికి ముందుగా సలాము చేయాలని హదీసు. గుర్రం మీద వున్నవాడు కింద నడిచేవానికి! గడీ పద్ధతికి ఇది తలకిందులు. హజ్రత్ అనస్ (రజి) పిల్లల పక్కనుండి పోతూ వారికి సలాము చేసి, దైవప్రవక్త (స) ఇలాగే చేసేవారని చెప్పారు. ఈనాడు కారులో పోయేవాడు నడిచేవానికి చేసే సలాము హారను మోత.

మర్యాద, అంటే ‘అదబ్’, మన హైదరాబాదు ఉర్దూలో పలకరింపుగా కూడా స్థిరపడిన పదం. చేయి నుదుటి దాకా ఎత్తి ‘ఆదాబ్’ అనటంలో ఎంతో అందం వుంది. అయితే ఖుర్ఆన్ నేర్పే అదబ్ ప్రధానంగా ఎదుటివాని తలుపు దగ్గర, చెవి దగ్గర, పరువు దగ్గర ఆగటానికి సంబంధించినది. సూరా నూర్ 27, 28 ఆయత్‌లు ఇతరుల ఇళ్ళలోకి అనుమతి, సలాము లేకుండా ప్రవేశించవద్దని చెప్పి, తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళటమే పవిత్రమైన పద్ధతి అంటాయి. హజ్రత్ అబూమూసా అష్‌అరీ (రజి) ఒకసారి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఇంటి వద్ద మూడుసార్లు అనుమతి కోరి, సమాధానం రాకపోతే వెనుదిరిగారు. ఎందుకు వెళ్ళిపోయారని ఉమర్ (రజి) నిలదీస్తే, మూడుసార్లు అడిగి వెళ్ళిపోవటం ప్రవక్త (స) నేర్పిన పద్ధతి అన్నారు. దానికి ఉమర్ (రజి) సాక్ష్యం అడిగితే, అబూసయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యం చెప్పారు. ఈనాడు జేబులోని టెలిఫోనే తలుపు. ఎత్తకపోతే పదిసార్లు మోగిస్తాము. పదకొండవసారి ఎత్తినవానితో, ఎందుకు ఎత్తలేదని తగవు పెట్టుకుంటాము. ముగ్గురున్నచోట ఇద్దరు గుసగుసలాడితే మూడవవాని మనస్సు నొచ్చుకుంటుందని హదీసు వారించింది. ఇప్పుడు ముగ్గురూ ఎవరి తెర వంక వారు చూస్తూ కూర్చుంటారు. నొచ్చుకోవటానికైనా ఎవరూ మిగలలేదు.

జుమా రోజు మసీదు వీధి సంగతి చెప్పటానికి సిగ్గుగా వుంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మసీదుకు రావద్దన్న ప్రవక్త (స) అనుచరులం. పక్కవానికి వాసన సోకటం కూడా ఆయన సహించలేదు. మనం మాత్రం పొరుగింటివారి గేటుకు అడ్డంగా బండి నిలిపి, ఖుత్బాలో పొరుగువాని హక్కుల గురించి వింటాము.

మసీదు పనివారు

ప్రవక్త (స) మసీదును ఊడ్చే నల్లజాతి స్త్రీ ఒకరుండేవారు. ఒకరోజు ఆమె కనిపించకపోతే ప్రవక్త (స) అడిగారు. చనిపోయిందని, రాత్రివేళ కావటాన తమకు తెలుపలేదని చెప్పారు. ఆమెను అల్పురాలిగా ఎంచారన్నమాట. ఆయన ఆమె సమాధి ఎక్కడుందో అడిగి వెళ్ళి, అక్కడ నమాజు చేశారు. దీన్ని మనం పిల్లలకు కథగా చెబుతాము. తరువాత మన మస్జిద్ కమిటీ సమావేశానికి వెళ్ళి, మౌజన్ జీతం ఒక వంద పెంచాలా వద్దా అని గంటసేపు వాదిస్తాము. రోజుకు ఐదుసార్లు మనల్ని లేపిన గొంతు అది. మన పిల్లలకు అలిఫ్, బే నేర్పిన హజ్రత్ జబ్బుపడితే ఎంతమందిమి వెళ్ళి చూశామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. సేవకుడు భోజనం తెచ్చినపుడు అతనిని పక్కన కూర్చోబెట్టుకోమని, లేకుంటే ఒకటి రెండు ముద్దలైనా అతని చేతికివ్వమని, ఆ వేడిని, పొగను భరించినవాడు అతడేనని హదీసు. పది సంవత్సరాలు సేవ చేసిన అనస్ (రజి)ను ప్రవక్త (స) ఒక్కసారి కూడా, ఇదెందుకు చేశావు, అదెందుకు చేయలేదు అని కసరుకోలేదు.

ముత్‌ఇమ్ చేసిన మేలు

మనం అన్నింటికంటే త్వరగా మరచేది మన సముదాయానికి చెందని మనిషి చేసిన మేలు. ఈ విషయంలో ప్రవక్త (స) జీవితంలోని ఒక ఘటన మనకు కొలమానం కావాలి.

తాయిఫ్ ప్రజలు రాళ్ళు రువ్వి వెళ్ళగొట్టిన తరువాత, దైవప్రవక్త (స) మక్కా వెలుపల ఆగవలసి వచ్చింది. పెదతండ్రి అబూతాలిబ్ లేరు, హజ్రత్ ఖదీజా (రజి) లేరు. ఎవరి రక్షణా లేకుండా నగరంలో అడుగు పెట్టటం ప్రాణాపాయం. రక్షణ కోరి ఒకరి తరువాత ఒకరికి కబురు పంపితే ఇద్దరు నిరాకరించారు. మూడవవాడు, బనూ నౌఫల్ నాయకుడు ముత్‌ఇమ్ బిన్ అదీ, అంగీకరించాడు. కుమారులతో కలిసి ఆయుధాలు ధరించి కాబా వద్ద నిలబడి, ముహమ్మద్ (స)కు తాను రక్షణ ఇచ్చానని ప్రకటించాడు. అంతకు పూర్వం బనూ హాషిమ్‌ను వెలివేసిన ఒప్పందాన్ని రద్దు చేయించటానికి పూనుకున్నవారిలో కూడా అతడొకడు. ముత్‌ఇమ్ ఇస్లామ్ స్వీకరించలేదు. బహుదైవారాధకుడుగానే మరణించాడు.

కొన్నేళ్ళ తరువాత, క్రీ.శ. 624లో, బద్ర్ యుద్ధం జరిగింది. సుమారు డెబ్బైమంది మక్కావాసులు ఖైదీలుగా చిక్కారు. వారికి పరిహారం నిర్ణయించే వేళ ప్రవక్త (స) ఒక మాటన్నారు: ఈనాడు ముత్‌ఇమ్ జీవించి వుండి, వీరి గురించి తనతో మాట్లాడి వుంటే, ఆయన కోసం వీరందరినీ విడిచిపెట్టేవాడిని అని. ముత్‌ఇమ్ కుమారుడు జుబైర్ (రజి) ద్వారానే ఈ సంగతి బుఖారీ గ్రంథానికి చేరింది. యుద్ధంలో గెలిచిన మనిషి, తనను చంపవచ్చిన శత్రువుల నడుమ నిలబడి, చనిపోయిన ఒక పరమతస్థుని మేలును బాహాటంగా గుర్తుచేసుకున్నారు. డెబ్బైమంది ప్రాణాల ధరతో ఆ మేలును తూచారు.

తెలుగు ముస్లిములమైన మనం ఈ కొలమానాన్ని మన వైపు తిప్పుకుని చూడాలి. దివ్యఖుర్ఆన్‌కు మొట్టమొదటి తెలుగు అనువాదకునిగా పేరొందినవారు చిలుకూరి నారాయణరావు గారు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రచించిన పండితులు, అనంతపురం కళాశాలలో ఉపాధ్యాయులు. ఆయన ముస్లిం కారు. మనలో ఉర్దూ రానివారికి, అరబీ తెలియనివారికి దైవగ్రంథ భావం తమ మాతృభాషలో అందాలన్న ఆలోచన మన పెద్దలలో ఇంకా బలపడని కాలంలో, ఆయన ఆ శ్రమకు పూనుకున్నారు. తరువాత వచ్చిన అనువాదాలు మరింత సవరణతో, మరింత ప్రామాణికంగా వుండవచ్చు, అది సహజం. కాని మన గ్రంథాలయాల అరలలో, మన సభలలో ఆయన పేరు ఎన్నిసార్లు వినిపించింది? ఏరు దాటాక తెప్ప తగలేసే గుణం వ్యక్తులకే కాదు, సముదాయాలకూ వుంటుంది.

జ్ఞాపకం ఎలా చెడుతుంది?

కృతఘ్నుడు సాధారణంగా మేలు చేసినవానిని తిట్టడు. తన కథను మార్చి చెప్పుకుంటాడు. బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురి వృత్తాంతం బుఖారీలో వుంది. ఒకడు కుష్ఠురోగి, ఒకడు బట్టతలవాడు, ఒకడు గుడ్డివాడు. దైవదూత వచ్చి ముగ్గురికీ స్వస్థత కలిగించి, ఒకనికి చూడి ఒంటెను, ఒకనికి చూడి ఆవును, ఒకనికి చూలు గొర్రెను ఇచ్చి వెళ్ళాడు. లోయలు నిండేటంత మందలు పెరిగాయి. దూత మళ్ళీ ఒక్కొక్కరి దగ్గరికి, వారి పాత రూపంలోనే పేదవానిగా వచ్చి సహాయం అడిగాడు. మొదటి ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: ఈ సంపద తమకు తాతముత్తాతల నుండి సంక్రమించిందని. గుడ్డివాడు మాత్రం తన చీకటి రోజులను జ్ఞాపకం చేసుకుని, కావలసినంత తీసుకుపొమ్మన్నాడు.

ఖారూన్ కూడా సూరా ఖసస్ 78వ ఆయత్‌లో ఇటువంటి మాటే అన్నాడు: తన విద్య వల్లనే తనకిదంతా లభించిందని. మొదటివారు వారసత్వం వెనుక దాక్కున్నారు, ఇతడు తెలివి వెనుక. మన కాలానికి ఖారూన్ మాట ఎక్కువగా నచ్చింది. స్వయంకృషితో పైకి వచ్చానని చెప్పుకునే మనిషి కథలో ఫీజు కట్టిన మేనమామ వుండడు, అద్దె అడగకుండా ఆరు నెలలు గది ఇచ్చిన ముసలమ్మ వుండదు, తన నగలు కుదువపెట్టిన అక్క వుండదు. వారిని అతడు ద్వేషించడు. కథలో వారికి చోటు లేదంతే. కప్పివేయటం అంటే ఇదే.

చివరగా, చాలామందిని బాధించే ప్రశ్న ఒకటి. తెలివి వచ్చేసరికి మేలు చేసినవారు లేకుండా పోతారు. అప్పుడేమి చేయాలి? బనూ సలమా తెగకు చెందిన ఒక వ్యక్తి తన తల్లిదండ్రుల గురించి ఈ ప్రశ్నే ప్రవక్త (స)ను అడిగాడు. వారి కోసం ప్రార్థించటం, వారి క్షమాపణకై వేడుకోవటం, వారు చేసిన వాగ్దానాలను నెరవేర్చటం, వారి ద్వారా ఏర్పడిన బంధుత్వాలను నిలుపుకోవటం, వారి మిత్రులను గౌరవించటం – ఇవి ఇంకా మిగిలి వున్నాయని జవాబు వచ్చింది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకసారి మక్కా దారిలో పోతుండగా ఒక పల్లె అరబ్బు ఎదురయ్యాడు. ఆయన అతనికి సలాము చేసి, తానెక్కిన గాడిదను అతనికిచ్చి, తన తలపాగా విప్పి అతని తలకు పెట్టారు. వెంట వున్నవారు ఆశ్చర్యపోయి, వీరు పల్లెవాళ్ళు, కొద్దిగా ఇచ్చినా సంతోషించేవారు కదా అన్నారు. ఆ మనిషి తండ్రి, తన తండ్రి ఉమర్‌కు స్నేహితుడని ఆయన సమాధానం చెప్పారు.